వీరుడి కోసం మొక్కిన పొట్టేలు

తెలంగాణ వచ్చిన కొత్తలో మా అవ్వ ఒక విదేశీ సీరియల్‌కు అలవాటుపడింది. తెలుగులోకి మార్చి మధ్యాహ్నం పూట వేసేవారు. వీరుడు వేరే గ్రహం మనిషి. చచ్చినా లేస్తాడు, కానీ ఏడుసార్లే. లేచినప్పుడల్లా ముంజేతి మీద వెలిగే చుక్క ఒకటి ఆరిపోతుంది.

చివరి చుక్క కూడా ఆరిపోయాక ఒకరోజు వాడు మళ్లీ కూలిపోయాడు. కథ అక్కడే ఆపేశారు. మిగతాది ఎప్పుడొస్తుందో చెప్పలేదు. అవ్వ కొంగుతో కళ్లు తుడుచుకుని చేతులు జోడించింది.

"తల్లీ ఎల్లమ్మా, గా పిలగాన్ని లేపు. మా నల్లమెడ పొట్టేలును నీకిస్త."

నల్లమెడ పొట్టేలంటే మా బాపుకు ప్రాణం. మంద పెరిగేది దాని వల్లే. బాపు తల పట్టుకున్నాడు.

"టీవీల బొమ్మకు ఎవలన్న యాటను మొక్కుతరా అవ్వా?"

"నోట్లకెల్లి వచ్చింది. ఇగ ఎన్కకు పోతదా?"

మా గొల్లల ఇళ్లలో మొక్కిన జీవాన్ని అమ్మరు, దాని బదులు ఇంకొకటి ఇచ్చి సరిపెట్టరు.

తిరుమలగిరి లైబ్రరీలో ఏది దొరికితే అది చదివే రోజులు నావి. ఇలాంటి సీరియళ్ల మీద ఒక పాత పత్రికలో వ్యాసం చదివి ఉన్నాను. ఆ జ్ఞానమంతా బాపు ముందు పరిచాను. వీరుడికి చావే లేదంటే చూసేవాళ్లకు భయముండదు, అందుకే రాసేవాళ్లు మొదట్లో ఒక హద్దు పెడతారు. కథ ఆ హద్దు దాకా నడుస్తుందని వాళ్లే అనుకోరు. నడిస్తే మాత్రం లెక్క తప్పిందనో, పెద్దలెవరో వరమిచ్చారనో ఆ హద్దు దాటిస్తారు.

"అంటే లేస్తడా?"

"తప్పకుండ లేస్తడు బాపూ."

"గిదేనా నీ సదువు!"

కొన్ని నెలలకు వాడు నిజంగానే లేచాడు. గ్రహం పెద్దలు ఇంకో ఏడు చుక్కలు ఇచ్చారు. హద్దని నమ్మించి మోసం చేశారని నాకు కోపమొచ్చింది. అవ్వ మాత్రం వరం మీద వరం ఎప్పుడూ ఉన్నదే అన్నట్టు నవ్వి, ఆదివారం ఎల్లమ్మ కాడికి పోదామంది. ఆ పూట బాపు అన్నానికి రాలేదు. దొడ్లో పొట్టేలు మెడ నిమురుతూ కూర్చున్నాడు.

నేను అవ్వ పక్కన చేరాను.

"అవ్వా, పెండ్లికి మొక్కితే యాట ఎప్పుడిస్తం?"

"పెండ్లయినంక."

"ఖాయం చేసుకున్ననాడే ఇస్తమా?"

"ఎట్లిస్తం? నడుమల చెడిపోతే?"

"మరి గాయనకు ఇంక ఏడుసార్లు సావున్నది. గండం గడిసినట్టేనా?"

అవ్వ దొడ్డి వైపు ఒకసారి చూసింది.

"మీ బాపు నేర్పిండా?"

"లైబ్రరీ నేర్పింది."

"నీ లైబ్రరీ పాడుగాను. సరే, గండాలన్ని గడిసినంకనే ఇద్దాం. పోయి మీ బాపును తినమను."

ఆ తర్వాత బాపు ఒక్క భాగం కూడా వదలలేదు. వీరుడు పూర్తిగా చస్తే మొక్కే ఉండదు కదా అని ఒకసారి అన్నాను. బాపు నా మీద గయ్యిమన్నాడు.

"ఛీ, గట్లనకు! ఇన్నొద్దులు మనింట్ల తిరిగినోడు."

బాపు ఫికరంతా సీరియల్ ఎక్కడ ఆపేస్తారోనని. ఆపేస్తే గండాలన్నీ గడిచినట్టేనని అవ్వ పొట్టేలును ఇచ్చేస్తుంది. చూసేవాళ్లుంటే ఆపరని నేను చెప్పాక, మధ్యాహ్నం కాగానే వాకిట్లో నిలబడి వాడకట్టు వాళ్లందరినీ పిలిచేవాడు.

"రాండ్రి రాండ్రి, మనోడు ఇయ్యాల సచ్చేటట్టున్నడు!"