పాప ఎవరు, బాబు ఎవరు?

ఈరోజు రైలింజన్ల షెడ్డులో డ్యూటీ దిగి, అటునుంచే మా అమ్మాయిని తీసుకురావడానికి బడికి వెళ్లాను. నన్ను చూడగానే అది "బాబూ!" అని కేకేసింది. పిల్లలంతా ఘొల్లున నవ్వారు. మా శ్రీకాకుళం వైపు బాబు అంటే తండ్రి. ఇక్కడి ఛత్తీస్‌గఢీలో చిన్న పిల్లాడు. నాకు తల కొట్టేసినట్టయింది.

"అందరిలా పాపా అని పిలు బేటీ," అని టీచరమ్మ హిందీలో నచ్చజెప్పింది.

మా అమ్మాయి నావైపు తిరిగింది. "పాపంటే నాను కదేటి? నువ్వు పాపవేటి, బాబూ?"

నాకూ నవ్వొచ్చింది. దారిలో, "పోనీ, బడి దగ్గర ఒక్కచోట పాపా అనమ్మా," అన్నాను.

"అన్ను. నువ్వు నా బాబువే."

మీ ఇళ్లలో తండ్రిని ఏమంటారో గానీ, రేపూ బడికి నేనే వెళ్తాను. అది ఎంత గట్టిగా పిలిస్తే అంత గట్టిగా పలుకుతాను.