ఆటల టీచరమ్మ మీద నేను రాసిన కాగితం

పన్నెండు రోజుల కింద, పొద్దున దేవుడి దగ్గర దీపం పెడుతుంటే బిడ్డ ఫోన్ చేసింది. "అమ్మా, మా ఆటల టీచరమ్మ పోయిందట. దవాఖానలనే" అని ఏడ్చింది. పదో తరగతి తర్వాత నేను పేజీ నిండా రాసింది ఒక్కసారే. అది ఆ టీచరమ్మ మీద ఫిర్యాదు. అందుకే ఇప్పుడు మళ్లీ కలం పట్టాను.

నా బిడ్డ నెల తక్కువ పుట్టింది. దక్కితే నిలువెత్తు బంగారం ఇస్తానని సమ్మక్క తల్లికి మొక్కుకున్నాను. బంగారమంటే బెల్లం. బిడ్డను తక్కెడలో కూర్చోబెట్టి అంత బరువు తూచి ఇవ్వాలి. బిడ్డ దక్కింది. ఇక నెయ్యి ముద్దలు, గారెలు, బేకరీ కేకులు, దేనికీ లోటు చేయలేదు. జాతర జాతరకూ బెల్లం ముద్దలు పెరుగుతుంటే తల్లి చల్లగా చూసిందని చెంపలేసుకునేదాన్ని.

బిడ్డ ఏడో తరగతిలో ఉండగా టీచరమ్మ నన్ను బడికి పిలిపించింది. సన్నటి మనిషి, మెడలో ఈల. పిల్లలందరి ఎత్తు, బరువు చూసి, కొవ్వు ఎంతుందో తెలియడానికి జబ్బ వెనక చర్మాన్ని రెండు వేళ్లతో పట్టి చూసి నోటు పుస్తకంలో రాసుకునేది.

"అక్కా, ఏమనుకోకు. పిల్ల ఒంటికాలు మీద పది లెక్కపెట్టేదాంక నిలుస్తలేదు. బంతి ఏస్తే పట్టుకోదు, కండ్లు మూసుకుంటది. కొవ్వు పెరుగుతాంది, బలం లేదు. జర ఉరకనియ్యి."

"నా బిడ్డను తూచేది ఆ తల్లి ఒక్కతే మేడం" అన్నాను మెల్లగా.

ఆమె నవ్వింది. "తల్లి తూస్తది, మంచిదే. వచ్చే వారం ఖిల్లా గుట్ట ఎక్కిపిచ్చేది మనమే గదా?"

ఆ నవ్వు నాకు గుచ్చుకుంది. ఇంటికెళ్లి ఉప్పు, మిరపకాయలతో దిష్టి తీశాను. మరుసటి వారం టీచరమ్మ పిల్లలను గుట్ట మీది భువనగిరి ఖిల్లాకు తీసుకుపోతే, బిడ్డ సగం మెట్ల దగ్గరే కూలబడి ఏడ్చుకుంటూ ఇల్లు చేరింది. ఆ సాయంత్రమే హెడ్‌మాస్టరుకు రాశాను: 'ఆటల టీచరు నలుగురిలో నా బిడ్డ ఒళ్లు పట్టి చూసి నవ్వుతోంది. ఇక నా బిడ్డను ఆటలకు పంపొద్దు.' ఆమె నవ్వింది నా మాటకు, నా బిడ్డను చూసి కాదు. తెలిసే రాశాను.

హెడ్‌మాస్టరు దాన్ని టీచర్లందరి ముందు చదివించి ఆమెను తిట్టాడట. నోటు పుస్తకం తీసేసుకున్నాడు. ఆటల పీరియడ్‌లో నా బిడ్డను వరండాలో, పిల్లలు విప్పిన చెప్పుల దగ్గర కూర్చోబెట్టారు. నేను గెలిచాననుకున్నాను.

తర్వాత బజారులో ఎదురైతే "అక్కా, మంచిగున్నవా?" అని ఆమే ముందు పలకరించేది. నేను కూరగాయలు ఏరుతున్నట్టు తల దించుకునేదాన్ని.

టీచరమ్మ పదో రోజుకు బిడ్డ వచ్చింది. ఆమె ఇంటికి నడిచి వెళ్తుంటే దారిలో చెప్పింది.

"నువ్వు ఒద్దన్నవని గ్రౌండ్‌ల అడుగు పెట్టనియ్యలే. అప్పుడు టీచరమ్మ నాకు చెప్పులు జత చేసే పని ఇచ్చింది. ఒంటికాలు మీద నిలబడి, వంగి, ఒక్కొక్కటి పెట్టాలె. ఎత్తిన కాలు కింద ఆనితే మళ్ల మొదటినుంచి. 'ఇది ఆట గాదే, పని. మీ అమ్మ పనికి ఒద్దనలే' అనేది. పదో తరగతికొచ్చేసరికి ఖిల్లా ఎక్కిన."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే మళ్ల కాగితం రాస్తవని."

ఆ ఇంటి ముందు వచ్చినవాళ్ల చెప్పులు కుప్పగా పడి ఉన్నాయి. బిడ్డ ఎడమ కాలు పైకెత్తి, వంగి, ఒక్కొక్క జతా గోడ వారగా పెట్టుకుంటూ పోయింది. కాలు ఒక్కసారి కూడా నేలకు ఆనలేదు. నావి చివరగా పెట్టింది.

మొదటి కాగితాన్ని నలుగురిలో చదివారు. నిజానికి దీన్నీ అట్లాగే చదవాలి. అంత ధైర్యం నాకింకా రాలేదు. ఎవరి చేతికి వచ్చినా చింపకుండా దాచండి, నాకు ఆ ధైర్యం వచ్చేదాకా ఎవరికీ చూపకండి.