వంగపండు అంటే పసుపే

మా వదిన నోట రంగు పేరు సూటిగా రాదు. కుట్టు మిషను ముందు కూర్చుందంటే, "ఆ చిలకముక్కు జాకెట్టు ఇటివ్వు", "నేరేడుపండు లంగాకి అంచు మడువు" అంటుంది. కాజాలు, హుక్కులు, అంచులు నా పని కాబట్టి ఆవిడ భాష నాకు ఒంటబట్టింది. కొత్తగా వచ్చినవాళ్లే బుర్ర గోక్కుంటారు.

అన్నిట్లోకీ ఆవిడకు ప్రాణం వంగపండు. అది ఒక పిట్ట పేరు. ఒళ్లంతా పసుపు, రెక్కలు నలుపు, కంటి పక్కన కాటుక గీత, గొంతేమో పిల్లనగ్రోవి. ఆవిడ కాపురానికి వచ్చిన కొత్తలో, చిన్నపిల్లను కదా, ఎగతాళి చేశాను. వంకాయ ఊదాగా ఉంటే పసుపు పిట్టకు ఆ పేరేమిటని.

"కూరకు కోసేస్తే ఊదాయే. విత్తనానికి వదిలేసి చూడు, పండి పసుపెక్కుతుంది. మా నాన్న చూపించాడు," అంది.

నిజమే కానీ, వంకాయను పండేదాకా చూసేదెవరు? లోకానికి వంగపండు రంగు అంటే ఊదానే.

మనవరాలు పుట్టాక ఆ పేరు దానికి అంటుకుంది. ఎన్ని గౌన్లు కుట్టినా పసుపే, దానికి నల్ల అంచు. గౌను తల మీంచి తొడుగుతూ వదిన "వంగా..." అంటే, అది లోపల్నుంచి తల బయటపెట్టి "పండు!" అనాలి. రోజూ ఇదే భాగోతం. ఆ నాలుగేళ్ల పిల్లకు బడిలో రాయించిన పేరొకటి ఉందని ఇంట్లో ఎవరికీ గుర్తే ఉండదు.

ఒకనాడు లైనింగు గుడ్డ కోసం ముగ్గురం బట్టల బజారుకు వెళ్లాం. ఇసుక వేస్తే రాలని జనం. వదిన గుడ్డను వేళ్ల మధ్య నలిపి చూడందే కొనదు. పిల్ల చెయ్యి వదిలి నలిపింది. అంతే. మళ్లీ చెయ్యి చాపితే పిల్ల లేదు.

"నీ దగ్గరుందా?"

"నా దగ్గరెక్కడిది వదినా!"

నా రెండు చేతుల్లోనూ సంచులే. వదిన మొహంలో కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. బల్లల కింద, తానుల వెనక, మెట్ల సందుల్లో వెతికాం. లేదు. బజారు గేటు దాటితే బస్సులు తిరిగే రోడ్డు. ఆ మాట ఇద్దరం పైకి అనలేదు.

తప్పిపోయినవాళ్ల గురించి మైకులో చెప్పే గది ఒకటుంటే అక్కడికి పరుగెత్తాం.

"పాప పేరేంటమ్మా?" అన్నాడు మైకాయన.

"వంగపండు," అంది వదిన.

"గౌను రంగు తర్వాతమ్మా, ముందు పేరు చెప్పండి."

"అదే బాబూ, వంగపండు..."

ఆయన నా వైపు చూశాడు. ఒట్టు, బడి పేరు నాకూ తట్టలేదు. ఈలోగా వదిన బయటికి పరుగు తీసింది, వెనకాలే నేనూ. మైకు మా తలల మీద మోగుతూనే ఉంది కానీ, చెవుల్లో హోరు తప్ప ఒక్క ముక్క అర్థమైతే కదా!

"కోడలికి ఏ మొహం పెట్టుకుని చెప్పనే? నా చేత్తో నేనే వదిలేశానే!" అని వదిన గుండెలు బాదుకుంటోంది. ధైర్యం చెబుదామంటే నా దగ్గర ఉంటే కదా.

అంతలో "దొరికింది, పాప దొరికింది!" అని కేక. పడుతూ లేస్తూ పోయాం. గేటు కాపలా మనిషి ఒక పాప భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఊదా గౌను. మా పిల్ల కాదు. ఆ పాప తల్లి ఎక్కణ్ణుంచో ఊడిపడి, "నా కూతుర్ని నువ్వెందుకు పట్టుకున్నావయ్యా!" అని విరుచుకుపడింది.

"నేనేం చెయ్యనమ్మా? ఊదా గౌను పాప తప్పిపోయింది, పట్టుకోండని మైకులో ఒకటే గోల!"

వదిన ఆ గౌను వంక చూసి నిలువునా నీరైపోయింది. "ఊదా అని ఎవరన్నారు? పసుపయ్యా, పసుపు! ఒట్టి పసుపు!" ఆవిడ నోట ఆ మాట అలా వినడం నాకదే మొదలు.

కాపలా మనిషి మొహం పాలిపోయింది. "నల్లంచు గౌనా? ఇందాకే నా ముందునుంచి బయటికి పోయిందమ్మా. ఊదా కాదు కదా అని..."

మిగతాది వినలేదు. రోడ్డు మీద బస్సు ఒకటి కీచుమని ఆగింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి బస్సు ముందు వదినే నిలబడి ఉంది. డ్రైవరు తిడుతుంటే ఆవిడకు చీమ కుట్టినట్టయినా లేదు.

"వంగా..." అని అరిచింది.

"కిలో ఎంత?" అన్నాడెవడో. వాడి నోట్లో మన్ను పడ!

"వంగా..." రెండోసారి గొంతు చీరుకుపోయి సగంలోనే ఆగిపోయింది.

అప్పుడు, బట్టల మూటల బండి కిందనుంచి సన్నగా వినిపించింది. "పండు!"

చక్రాల మధ్య ముడుచుకుని కూర్చుంది. వదిన బండి కిందికి దూరి బయటికి లాగి, ఒళ్లంతా తడిమి, కొట్టబోయి ముద్దుపెట్టుకుంది.

నాకు కోపం ఆగలేదు. "మైకులో అంత అరుస్తుంటే వినిపించలేదుటే?"

"వినిపించింది," అంది, ఏడుపు మింగుతూ. "ఊదా గౌను పాప తప్పిపోయిందంట. వెతుకుదామని వచ్చా. బస్సు చూస్తే భయమేసింది. నానమ్మా, ఆ పాప దొరికిందా?"

వదిన పిల్ల చేతిని తన రెండు చేతులతో పట్టుకుని రోడ్డు పక్కనే కూలబడింది.

"దొరికిందమ్మా," అంది చివరికి. "ఇప్పుడే దొరికింది."