కొప్పు పట్టని టోపీ

ఉపాధి హామీ పనికి వచ్చే ఆడవాళ్లకు ఎండ టోపీలు కుట్టే పని మహబూబ్‌నగర్‌లో ఒక అధికారి నాకు అప్పగించాడు. కొత్తకోటలో మిషన్ కుట్టి బతికేదాన్ని, నడుం దాటిన జడ నాది. జుట్టు కింద ఉక్క నాకు తెలియదా? గాలి ఆడేందుకు పైన జాలీ వేసి, కొప్పు బయటికొచ్చేలా వెనక బొక్క ఉంచాను.

అధికారి తన బట్టతల మీద పెట్టుకు చూశాడు. "గీ బొక్కెందుకమ్మా? చినిగిందంటరు, మూసెయ్."

"కొప్పు పట్టదు సార్."

"నాకు పట్టింది గద!"

మూసి కుట్టాను.

టోపీలు పంచిన వారం తర్వాత చెరువు పని దగ్గరికి పోయి చూస్తే, ఒక్క తల మీదా టోపీ నిలవలేదు. ఒక అవ్వ మాత్రం దాన్ని మడిచి, నెత్తి మీద మట్టి తట్ట కింద చుట్టబట్టలా పెట్టుకుంది.

"మెత్తగుంది బిడ్డా! వచ్చే ఏడు జర మందంగ కుట్టు."