యాకోబు చిటికెన వేలు

బందరులో, చిలకలపూడి వెళ్లే దారి పక్క రేకుల షెడ్డులో రమ్య శాక్సోఫోన్లు తయారుచేస్తుంది. ఆ పని మొదలుపెట్టింది ఆమె తాత జకరయ్య. రోల్డ్‌గోల్డ్ నగలకు మెరుగుపెట్టే పనివాడు. చర్చి బ్యాండులో మూలపడ్డ శాక్సోఫోన్‌ని ఇంటికి తెచ్చి విప్పాడు. తిరిగి బిగించడానికి ఏడాది పట్టిందట. ఆ తర్వాత ఇత్తడి రేకును ఇనుప అచ్చు మీద సుత్తితో సాగదీసి, టంకం పెట్టి, సొంతంగా ఒకటి చేశాడు. ఆయన తర్వాత కొడుకు సుందరరాజు, ఇప్పుడు మనవరాలు. గుడివాడ, పెదపారుపూడి పెళ్లిబ్యాండుల వాళ్లు ఇప్పటికీ ఆ షెడ్డుకే వస్తారు.

కిందటి వేసవిలో మోపిదేవి వైపు నుంచి రాజమ్మ అనే ఆవిడ గోనెసంచి మోసుకుంటూ వచ్చింది.

"రొయ్యల చెరువు తవ్వుతుంటే దొరికిందమ్మా. దీని మీద మీ తాతగారి పేరుంది."

బురద కడిగితే శాక్సోఫోన్ బయటపడింది. ఉప్పు నేలలో అన్నేళ్లున్నా గొట్టం ఎక్కడా చిల్లు పడలేదు. రమ్య రంధ్రాలను మూసే తోలు బిళ్లలు కుళ్లిపోయి ఉంటే అన్నీ తీసి కొత్తవి వేసింది. ఎడమ చిటికెన వేలితో నొక్కే మీట మాత్రం కాస్త లోపలికి వంగి ఉంది. మట్టి బరువుకు వంగిందేమో అనుకుని సరిచేసింది.

మర్నాడు చూస్తే మళ్లీ వంగి ఉంది. వంపు కొలిచి, సరిచేసి బీరువాలో పెట్టి తాళం వేసింది. మూడోరోజూ అంతే. మళ్లీ స్కేలు పెట్టి కొలిచింది. నిన్నటి కొలతే, వెంట్రుకవాసి కూడా తేడా లేదు. పట్టకారు గీత ఎక్కడా లేదు. బీరువా అడుగున గుక్కెడు నీళ్లు నిలిచి ఉన్నాయి. వేలు ముంచి నాలిక్కి రాసుకుంటే ఉప్పగా తగిలాయి.

తండ్రిని పిలుచుకొచ్చింది. సుందరరాజు ఆ మీట మీద వేలు పెట్టి చూశాడు.

"ఇది యాకోబుది."

"యాకోబు ఎవరు నాన్నా?"

"దివిసీమలో పెళ్లిళ్లకి వాయించేవాడు. రైస్ మిల్లు బెల్టులో పడి ఎడమ చిటికెన వేలు సగం పోయింది. ఆ మొండి వేలికి అందేలా మీట వంచమని మీ తాత నాకు చెప్పి ఊరెళ్లాడు. నాకప్పుడు పదిహేడేళ్లు. యాకోబు వచ్చి, రేపే పెళ్లి అన్నాడు. పర్లేదు బాబాయ్, ఇలాగే వాయించెయ్ అని వంచకుండానే ఇచ్చేశాను. మర్నాడే ఉప్పెన."

"శవం?"

"దొరకలేదు." ఆయన చెయ్యి చాపాడు. "మీట ఊడదీసి ఇటివ్వు. ఇది నేను చెయ్యాల్సిన పని."

తన చిటికెన వేలు కణుపు దగ్గర మడిచి, అంతవరకే ఉన్నట్టు అనుకుని, మీటను వేడిచేసి కొద్దికొద్దిగా ఇంకా లోపలికి వంచాడు. మీట చల్లారాక బిగించి, గొట్టం మీద అరచెయ్యి వేసి ఉంచాడు. రమ్య కూడా వేసి చూసింది. జ్వరమొచ్చిన మనిషి ఒళ్లులా వెచ్చగా ఉంది. ఆ రోజు నుంచీ మీట కదల్లేదు.

రాజమ్మ వచ్చినప్పుడు అంతా చెప్పారు.

"యాకోబు మా నాన్నేనండీ," అంది ఆవిడ. "ఆయన పోయేనాటికి నాకు నాలుగేళ్లు. ఇన్నాళ్లూ సమాధి కూడా లేదు. దీన్నే పెట్టి సమాధి చేస్తాం."

రాజమ్మ ఊరి చర్చిలో ఆదివారం ఆరాధన అయ్యాక, మిట్టమధ్యాహ్నం, చెక్కపెట్టెలో పెట్టి సమాధుల దొడ్డికి తీసుకెళ్లారు. నోటి దగ్గర బిగించే సన్నటి రెల్లు ముక్క, రీడు, లేకుండా శాక్సోఫోన్ మోగదు. ఆ రీడు తీసి పర్సులో పెట్టుకున్నది రమ్యే. పాస్టరుగారు ప్రార్థన చేస్తున్నారు. రాజమ్మ మొదటి గుప్పెడు మట్టి వేసింది.

పెట్టెలోంచి సన్నగా ఒక స్వరం వచ్చింది. ఒక్క ఊపిరి ఉన్నంతసేపు సాగి ఆగింది.

పాస్టరుగారి ప్రార్థన మధ్యలోనే ఆగిపోయింది. ఎవరూ ఎవరి మొహమూ చూడలేదు. రమ్య పర్సు తెరిచి చూసింది. రీడు అందులోనే ఉంది.

"ఆ మీట స్వరమే," అన్నాడు సుందరరాజు మెల్లగా. "అందింది."

వంగి, రెండు చేతులా మట్టి తీసుకుని పెట్టె మీద వేశాడు.