న్యూస్ రీలుకి వన్స్ మోర్

నేను బళ్లో చదివింది నాలుగో తరగతి. మిగతా చదువంతా విజయవాడ సినిమా హాళ్లలో, అసలు సినిమాకి ముందు వేసే న్యూస్ రీళ్ల దగ్గరే అయింది. ఆనకట్ట ఎలా కడతారో, పట్టుపురుగు ఎలా పెరుగుతుందో నాకు అక్కడే తెలిసింది. జనం మాత్రం అది అయిపోయేదాకా బయట నుంచుని సోడాలు తాగేవాళ్లు. టిక్కెట్టు కొనుక్కుని మరీ చదువుని గుమ్మం బయట వదిలేసే మనుషుల్ని ఏమనాలి? ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది. మా నాన్న కూడా ఆ బాపతే.

డెబ్బైల్లో ఓ ఏడు, మా ఊళ్లో ఏటా జరిగే సంగీతోత్సవాల మీద అలాంటి రీలు తీశారు. మా మామగారు ఉయ్యూరు అవతల చెరుకు రైతు. తన పెళ్లి కాకముందు నుంచీ ఒక్క ఏడూ మానకుండా ఆ పందిట్లో ముందు వరసన కూర్చుని తాళం వేసిన మనిషి.

"కెమెరా నా మీద ఆగింది బావగారూ! కళ్లారా చూశాను," అన్నారు మా నాన్నతో.

"అంతమంది విద్వాంసుల్ని వదిలేసి మీ మీదా? దారి తప్పుంటుంది లెండి!"

వియ్యంకుడి వెటకారం ఊరంతా పాకింది. మామగారికి రోషం వచ్చింది. "బొమ్మలో నేను లేకపోతే ఇక ఆ పందిట్లో అడుగుపెట్టను," అనేశారు. అన్నారంటే అన్నట్టే. ఆ పందిరి లేకపోతే ఆయనకి ఏడాదిలో పండగే లేదు.

రీలు మా పేట హాలుకి రాగానే ఆటోనగర్‌లో మెకానిక్ షెడ్డు పని ఆ పూటకి మానేసి ఇద్దరినీ మ్యాట్నీకి తీసుకెళ్లాను. బెల్లు కొట్టారు. పక్కన చూస్తే మా నాన్న లేడు! పరిగెత్తాను. సోడాబండి దగ్గర తీరిగ్గా చుట్ట కాలుస్తున్నాడు.

"న్యూస్ రీలేగా, అవనీరా!"

"వియ్యంకుడి పరువు నాన్నా అది!"

చెయ్యి పట్టి లాక్కొచ్చేసరికి తెరమీద వయొలిన్ వాయిస్తున్నారు. మామగారు లేచి నుంచుని ఉన్నారు. "వచ్చి వెళ్లిపోయింది! నా చెయ్యి!" అని, నాటకంలో పద్యం నచ్చినప్పుడు అరిచినట్టే ఒక్క కేక వేశారు. "వన్స్ మోర్!"

హాల్లో ఉన్నవాళ్లంతా రాత్రుళ్లు నాటకాలు చూసి పెరిగినవాళ్లే. నేల నుంచి బాల్కనీ దాకా అందుకున్నారు. వన్స్ మోర్! వన్స్ మోర్! ఈలలు. మేనేజరు టార్చిలైటుతో పరిగెత్తుకొచ్చాడు.

"ఇది నాటకం కాదండీ బాబూ! తెరలోంచి మనిషొచ్చి మళ్లీ పాడతాడా?"

"మనిషెందుకు, రీలు తిప్పండి!" అన్నాన్నేను. నా గొంతు నాకే కొత్తగా ఉంది.

ఇంటర్వెల్లో వేస్తానని ఒప్పుకుంటే గానీ సినిమా నడవనివ్వలేదు. ఇంటర్వెల్లో ఒక్కడు లేస్తే ఒట్టు. సోడాబండివాడే లోపలికి వచ్చి నుంచున్నాడు.

తెర నిండా ఒక చెయ్యి. తొడమీద దెబ్బ వేసి, వేళ్లు లెక్కపెడుతోంది. ఆ లెక్క మొదలయ్యేది చిటికెన వేలితో. మామగారి చిటికెన వేలు సగమే ఉంటుంది, మిగతా సగం చెరుకు కత్తి పాలైంది. ఆ సగం వేలే తాళం తప్పకుండా తొడమీద వాలింది.

మా నాన్న నోట్లోంచి చుట్ట జారిపోయింది. ఒక్క ఉదుటున కుర్చీ ఎక్కాడు.

"మా బావగారి వేలే! వన్స్ మోర్!"

మామగారు పంచె కొస పట్టుకు లాగారు. "చాల్లెండి, దిగండి బావగారూ. వెనకాల వాళ్లకి నేను కనపడొద్దూ?"