డాక్టరుగారి కాళ్ళకు నేను కట్టిన కవర్లు

మొన్న ఆదివారం పాలకేంద్రంలో పాలు పోస్తుంటే చెప్పారు, మా పశువుల డాక్టరుగారు ఏలూరు ఆసుపత్రిలో పోయారని. "షుగరంటండి" అన్నారెవరో. అక్కడున్నవాళ్ళంతా తలలూపారు. నేను ఊపలేదు. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే మా కోడలు రాస్తోంది. ఒక్క ముక్క తగ్గించినా ఊరుకోనని ముందే చెప్పాను.

నిజానికి ఆయన కాంపౌండరు. మాకు మాత్రం ఆయనే డాక్టరు. తాడేపల్లిగూడెం నుంచి మోటారు సైకిలు మీద, చేపల చెరువుల గట్ల వెంట, కొల్లేటి అంచున ఉన్న మా ఊరిదాకా వచ్చేవారు. ఒకసారి మా గేదె కడుపులో దూడ అడ్డం తిరిగితే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి తల్లినీ పిల్లనీ దక్కించారు. వానలప్పుడు రైసుమిల్లు ఊక బూడిద బస్తా వెనక సీటుకి కట్టుకొచ్చి, తడి పీల్చుకోవాలని మా పాకలో పరిపించేవారు. ఆయన గేదె మోకాలి మీద తడితే అది కాలెత్తేది. గిట్టల సందు గుడ్డతో తుడిచి, వాసన కూడా చూసేవారు. పుండు మీద నేను గోనె కట్టబోతే వారించారు. "తడిసినా పర్వాలేదండీ పిన్నిగారూ, సందులు ఆరాలి. మూసిపెడితే కుళ్ళిపోద్ది."

పోయిన వానాకాలం, వాన పడుతున్నా ఉక్క తగ్గని రోజుల్లో, ఆయన మా అరుగు మీద కూర్చుని బూట్లు విప్పి సాక్సులు పిండారు. పాదాలు తెల్లగా నాని ముడతలు పడి ఉన్నాయి.

"గేదె కాళ్ళు తుడవమని మాకు చెప్తారు. మీ కాళ్ళెవరు తుడుస్తారండీ?" అన్నాను.

"నేను పాలివ్వను కదండీ" అన్నారు.

నాకు ఒళ్ళు మండింది. చెప్పులేసుకోమంటే బురదలో జారిపోతాయన్నారు. దాణా బస్తా లోపలి ప్లాస్టిక్ కవరు కోసి, సాక్సుల మీదుగా ఆయన పాదాలకు చుట్టి, చీలమండల దగ్గర పురికొసతో బిగించాను. దాని మీద బూట్లు తొడిగించాను.

"ఇంక చుక్క దిగదు చూడండి."

"బాగుందండీ" అన్నారు. ఒకరి మాట కాదనే మనిషి కాదు. ఆ వానలన్నీ అవి కట్టుకునే తిరిగారు, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా.

వాన లోపలికి పోలేదు. చెమట బయటికి రాలేదు. ఆ రెండోది నాకు తట్టలేదు. గేదెకి కట్టకూడదని తెలిసినదాన్ని మనిషికి కట్టాను.

ఒకనాడు మా పాకలోనే కవర్లు విప్పారు. గుప్పున వాసన. గిట్ట కుళ్ళిన వాసన నాకు తెలుసు. "డాక్టరుగారూ, గేదెకి పుండు పడిందండీ" అన్నాను. ఇద్దరం వంగి నాలుగు గిట్టలూ వెతికాం. ఏమీ లేదు. ఆయన మళ్ళీ కవర్లు కట్టుకుని వెళ్ళిపోయారు. షుగరు వల్ల ఆయన పాదాలకు నొప్పి తెలిసేది కాదు. నాకు కళ్ళున్నాయి. ఆ కాళ్ళు నా ఎదురుగా ఉన్నాయి. నేను గేదెను చూశాను.

ఆసుపత్రిలో ముందు కాలివేలు తీశారు. తరవాత పాదం. తరవాత మనిషే లేకుండా పోయారు.

పరామర్శకు వెళ్తే ఆయన భార్య నా చేతులు పట్టుకున్నారు. "మీరు కవర్లు కట్టారని అందరికీ చెప్పుకునేవారండీ. సొంత పిన్ని కూడా అంత చూడదనేవారు" అన్నారు. నా నోటికి ఊరంతా భయపడుతుంది. ఆ నోరు ఆవిడ ముందు పెగల్లేదు. అందుకే ఇక్కడ చెబుతున్నాను. షుగరు మీదికి తోసేయకండి. ఆ కవర్లు కట్టింది నేను.

వానలో బండి మీద తిరిగేవాళ్ళు కాళ్ళు తడిస్తే తడవనివ్వండి. ఆగిన చోటల్లా విప్పి తుడుచుకోండి, వేళ్ళ సందులు చూసుకోండి. మీరు విన్నా ఆయన రారు, నాకు తెలుసు.

పొద్దుట మళ్ళీ వాన పడింది. ఆయన తెచ్చిన బూడిద బస్తా అడుగున కాస్త మిగిలితే పాకలో పరిచాను. మోకాలు తట్టాను. గేదె కాలెత్తింది. గిట్ట సందులో వేలు పెట్టి చూశాను. పొడిగా ఉంది.